చాచిన కాలు

కోర్టుకి తోలు జాకెట్ వేసుకుని రావద్దని లాయరు తోస్కా మూడుసార్లు చెప్పింది. నేవియో బాల్దెల్లి బుద్ధిగా విని, పెళ్లినాటి కోటు తొడుక్కుని, బస్సెక్కి వచ్చాడు. అతని స్నేహితుడు గ్వాల్తియేరో ఎవరి మాటా వినే రకం కాదు. మోటారు సైకిళ్ల క్లబ్బు పేరు వీపు నిండా కుట్టించుకున్న జాకెట్‌తో వచ్చి, హెల్మెట్ ఒళ్లో పెట్టుకుని, రెండో బెంచీ మీద పెళ్లికొడుకులా కూర్చున్నాడు.

"మిమ్మల్ని చూస్తే జడ్జి గారు ఇతనికి ఇంకో ఆర్నెల్లు కలిపి వేస్తారు. ఆ జాకెట్ తీసి బెంచీ కింద పడేయండి," అంది తోస్కా.

"తీసినా అంతే, వేసినా అంతేనమ్మా. వీడు బండి ఎక్కిన రోజే శిక్ష పడిపోయింది. ఇవాళ చదివి వినిపిస్తారు, అంతే తేడా," అన్నాడు గ్వాల్తియేరో. అన్నాడేగానీ జాకెట్ తీశాడు.

నేవియోకి నవ్వు రాలేదు. జైలంటే అతనికి పెద్ద బెంగ లేదు. మొదటి కేసుకి లోపల వేయరని తోస్కా భరోసా ఇచ్చింది. లైసెన్సు పోతే పోయింది, బార్లలో కాఫీ మిషన్లు బాగుచేసే పని బస్సుల మీద తిరిగి చేసుకుంటాడు. అతన్ని నిద్రపోనివ్వనిది ఫైలు మొదటి పేజీలోని ఒక్క వాక్యం. నిర్లక్ష్యంగా బండి నడిపి ఇలేనియా బాల్దెల్లికి శాశ్వత వైకల్యం కలిగించిన నేరం అని ఉందక్కడ. ఇలేనియా అతని కూతురు. సాయంత్రానికి ఆ వాక్యం మీద కోర్టు ముద్ర పడిందంటే, కన్నబిడ్డ కాలు విరగ్గొట్టినవాడు ఇతనేనని ప్రభుత్వమే రాసిచ్చినట్టు. ఆ మాట ఒక్కటి పడకూడదు. అతనికి కావలసింది అదొక్కటే.

రెండేళ్ల కిందటి జూన్‌లో, ఒక ఆదివారం మధ్యాహ్నం, తండ్రీకూతుళ్లు చెరువులో ఈతకొట్టి కొండ దారిన ఇంటికి వస్తున్నారు. నేవియో నడుపుతున్నాడు, ఇలేనియా వెనక కూర్చుంది. ముందు నిదానంగా పోతున్న పాత పాండా కారుని దాటారు. మలుపు తిరిగారు. పెట్రోల్ బంకులోంచి ఒక కారు రోడ్డుకి అడ్డంగా వచ్చింది, బండి వెళ్లి దానికి గుద్దుకుంది. "రెండు వైపులా చూశాను, ఎవరూ లేరు, ఇతను ఆకాశంలోంచి ఊడిపడ్డాడు," అని ఆ కారావిడ వాంగ్మూలం ఇచ్చింది. ఆవిడ మీద కేసు నెల తిరక్కుండా మూసేశారు. నేవియో మీది కేసు మాత్రం రెండేళ్లుగా పెరుగుతూ వచ్చింది. పోలీసు రిపోర్టులో ఎక్కడా అతని పేరు లేదు, 'చెంతావురో' అనే ఉంది. సగం మనిషి, సగం గుర్రం అయిన పాతకాలపు జంతువు పేరది. పేపర్ల వాళ్లూ పోలీసులూ మోటారు సైకిల్ మనిషిని అలాగే రాస్తారు. కారు నడిపేవాళ్లని మాత్రం అమ్మగారూ అయ్యగారూ అని రాస్తారు. పిచ్చికుక్క అని ముద్ర వేస్తేనే కదా, ఆ తర్వాత కొట్టినా ఎవరూ అడగనిది.

ఇలేనియా సాక్షి కాబట్టి బయట వరండాలో కూర్చుంది. తన వంతు వచ్చేదాకా లోపలి మాట ఒక్కటి కూడా ఆమె వినకూడదు. ఇరవై ఒక్క ఏళ్లు. జుట్టు కత్తిరించే పార్లర్‌లో పని. గంటకు మించి నిలబడలేదు కాబట్టి చక్రాల స్టూలు మీద కూర్చుని, కస్టమర్ కుర్చీ చుట్టూ దొర్లుతూ కత్తిరిస్తుంది. ఆ ఆదివారం గురించి ఈ రెండేళ్లలో తండ్రిని ఆమె ఒక్క మాట అడగలేదు. అడిగితే ఏం చెప్పాలో తెలియక అతనూ ఎత్తలేదు.

జడ్జి సన్నగా, యాభై ఏళ్ల వయసులో ఉన్న మనిషి. రాగానే కళ్లజోడు సవరించుకుని అడిగిన మొదటి ప్రశ్న: "బండి ఎన్ని సీసీలు?"

"తొమ్మిది వందలు, మేడమ్," అన్నాడు నేవియో.

"తొమ్మిది వందలు," అని ఆమె రాసుకుంది. గ్వాల్తియేరో వెనక నుంచి గొంతు సవరించుకున్నాడు. కారావిడని కారు ఎన్ని సీసీలని ఎవరూ అడగలేదని ఆ దగ్గుకి అర్థం.

మొదటి సాక్షి పాండా కారు పెద్దాయన అల్చేయో పియెరాంతోని. డెబ్బై ఎనిమిదేళ్లు. నలభై ఏళ్లు మందుల షాపు నడిపాడు, ఇప్పటికీ ఊరంతా డాక్టర్ గారనే పిలుస్తుంది. ఆయన అబద్ధమాడాడంటే ఆ ఊళ్లో ఆయన శత్రువు కూడా నమ్మడు. అదే నేవియో ఖర్మ.

"ఆ రోజు ఏం చూశారు, డాక్టర్ గారూ?" అన్నాడు ప్రాసిక్యూటర్.

"నేనూ మా ఆవిడా ఇంటికి పోతున్నాం. వెనక మోటారు సైకిల్ వచ్చింది. నన్ను దాటింది. దాటుతూ దాటుతూ ఆ మనిషి నా కారు మీదికి కాలు విసిరాడు."

"తన్నాడా?"

"తగల్లేదు. తన్నబోయాడు. మా ఎల్విరా అయితే బెదిరిపోయి నా చెయ్యి పట్టుకుంది."

"అంటే కయ్యానికి కాలు దువ్వాడన్నమాట."

"మరేమనాలి? కాలు దువ్వడమే."

నేవియోకి ఒళ్లు మండిపోయింది. లేచి నిలబడ్డాడు. "అబద్ధం! ఇది పచ్చి అబద్ధం! నా కాలు ఫుట్‌రెస్ట్ మీంచి కదిలితే ఒట్టు! నేనెవర్నీ తన్నలేదు!"

తోస్కా అతని కోటు పట్టుకుని లాగింది. అప్పటికే ఆలస్యమైంది.

"మీ వంతు వచ్చాక మాట్లాడుదురు గాని," అంది జడ్జి. గుమాస్తా వైపు తిరిగింది. "కాలు కదల్లేదన్నారు. రాయండి."

ప్రాసిక్యూటర్ తొందరపడలేదు. ఇలాంటి మాట కోసమే కూర్చున్నవాడిలా లేచి, గోడ మీది తెర వెలిగించమన్నాడు. ఆ రోజు వాళ్ల వెనకాలే పాల వ్యాను ఒకటి వచ్చిందట, దాని అద్దానికి కెమెరా ఉందట. తెర మీద కొండ దారి కనిపించింది. పాండా, దాని ఎడమ పక్కగా మోటారు సైకిల్. దాటిన మరుక్షణం మోటారు సైకిల్ మనిషి కుడికాలు స్పష్టంగా బయటికి వచ్చింది, తిన్నగా చాచుకుంది, మళ్లీ లోపలికి పోయింది. బండి మలుపులో మాయమైంది.

హాల్లో అందరూ ఆ కాలు చూశారు. నేవియో మాత్రం వెనక సీట్లో నీలం హెల్మెట్ పెట్టుకుని తన నడుం పట్టుకున్న పిల్లని చూశాడు. ఆమె రెండు కాళ్లూ బాగున్నాయి. బండి చప్పుడే పాటైనట్టు ఒక పాదం కొద్దిగా ఊగుతోంది. ఆ వీడియో ఇంకో పది సెకన్లు నడిస్తే బాగుండుననీ, నడవకపోతేనే మేలనీ అతనికి ఒకేసారి అనిపించింది.

"కదల్లేదన్నారు," అంది జడ్జి మళ్లీ, నెమ్మదిగా. "పది నిమిషాలు విరామం."

వరండాలో తోస్కా అతన్ని గోడకి నిలబెట్టినంత పని చేసింది. "నోరు మూసుకుని కూర్చోమని ఎన్నిసార్లు చెప్పాను నేవియో గారూ? కాలు జారితే తీసుకోవచ్చు, నోరు జారితే తీసుకోగలమా?"

"వీడు రెండూ జారాడు," అన్నాడు గ్వాల్తియేరో.

"నేను తన్నలేదండీ. దేవుడి తోడు. ఆ కాలు ఎందుకు తీశానో నాకే తెలీదు. గుర్తు లేదు."

"జడ్జి గారికి అదే చెప్పండి, హారతి పడతారు. ఇంక మీరు ఏం చెప్పినా ఆవిడ నమ్మదు."

గ్వాల్తియేరో ఆమెనీ స్నేహితుణ్ణీ మార్చి మార్చి చూశాడు. అతని మొహంలో మెల్లగా ఏదో వెలిగింది. హెల్మెట్ బెంచీ మీద పెట్టాడు. వరండా మధ్యలో మోకాళ్లు వంచి, లేని హ్యాండిల్ రెండు చేతులతో పట్టుకుని, కుడికాలు పక్కకి చాచి, మళ్లీ మడిచాడు. ఇద్దరు గుమాస్తాలు ఆగి చూశారు.

"ఒరేయ్ గాడిదా! అది థాంక్స్ రా!"

నేవియో నుదురు కొట్టుకున్నాడు. నిజమే కదా. దారిచ్చిన కారుకి మోటారు సైకిల్ మనిషి కాలు చాచి థాంక్స్ చెబుతాడు. ఒక చేతిలో యాక్సిలరేటర్, ఇంకో చేతిలో క్లచ్, కారేమో కుడి పక్కన. ఇక మిగిలింది కాలే. క్లబ్బులో ఎవరూ ఎవరికీ నేర్పరు, ఎవరూ మర్చిపోరు. ముప్ఫై ఏళ్లుగా రోజుకి పదిసార్లు చేస్తున్నాడు. రెప్ప వేసింది గుర్తుంటుందా ఎవరికైనా? అందుకే కదల్లేదని ఒట్టు పెట్టేశాడు.

"వెళ్లి చెబుతాను," అన్నాడు.

"చచ్చినా చెప్పొద్దు," అంది తోస్కా. "పది నిమిషాల విరామంలో కట్టుకొచ్చిన కథ అంటారు. నేను కూడా అదే అనేదాన్ని, ఈయన ఈ చిందు తొక్కకపోతే. నేను పెద్దాయన్ని అడుగుతాను. మీరు మాత్రం, మీకు పుణ్యముంటుంది, నోరు విప్పకండి."

వరండా అవతలి చివర ఇలేనియా బెంచీ మీద కూర్చుని ఇటే చూస్తోంది. ఏమైందన్నట్టు కనుబొమలెగరేసింది. మాట్లాడకూడదు కాబట్టి నేవియో చేయి ఊపి లోపలికి నడిచాడు.

తోస్కా పెద్దాయన ముందు నిలబడింది. "డాక్టర్ గారూ, వెనక మోటారు సైకిల్ రాగానే మీరేం చేశారు?"

"అద్దంలో చూశాను. పక్కకి జరిగి దారిచ్చాను."

"ఎంత జరిగారు?"

"కుడి చక్రాలు కంకర్లోకి దిగేంత. అదేనమ్మా నా బాధ! దారిచ్చినవాణ్ణి పట్టుకుని ఎవడైనా తన్నబోతాడా? అడ్డం ఉండి తిట్టించుకుంటే అది వేరు."

"ఆయన తిట్టాడా? హారన్ కొట్టాడా?"

"లేదు."

"కాలు మీ అద్దం ఎత్తుకి లేచిందా?"

"లేదు. కిందికే చాచాడు. చాచి, మడిచేసుకున్నాడు."

"రెండు చేతులూ పనిలో ఉన్న మనిషి, కుడి పక్కనున్న మీకు కృతజ్ఞత చెప్పాలంటే ఎలా చెబుతాడు డాక్టర్ గారూ?"

"ఇదెక్కడి చోద్యం!" అని లేచాడు ప్రాసిక్యూటర్. "కాలితో కృతజ్ఞతలా? రేపు పిడికిలితో ఆశీర్వాదాలంటారు!"

జడ్జి నవ్వలేదు. తలుపు దగ్గర కాపలాగా నిలబడ్డ కుర్ర పోలీసు వైపు తిరిగింది. "మీరు మోటారు సైకిల్ నడుపుతారా?"

"నడుపుతానండీ."

"ఈ మాట నిజమేనా?"

అతను ప్రాసిక్యూటర్ వైపు చూసి ఎర్రబడ్డాడు. "దారిస్తే చాస్తామండీ. ఇవాళ పొద్దున డ్యూటీకి వస్తూ నేనే రెండుసార్లు చాచాను."

"ఈయన సాక్షి కాదు!" అన్నాడు ప్రాసిక్యూటర్.

"కాదు. రాయొద్దు," అంది జడ్జి గుమాస్తాతో. "నాకు తెలియక అడిగాను."

పెద్దాయన సాక్షి కుర్చీలో అలాగే ఉండిపోయాడు. "అంటే నాకు థాంక్స్ చెప్పాడా?" అని ఎవరినీ కాకుండా అడిగాడు. "ఎల్విరా పోయేదాకా ఇతన్ని తిడుతూనే ఉంది. ఇంటికి ఎవరొచ్చినా ఈ కథే చెప్పేది." కళ్లజోడు తీసి, నేవియో వైపు చూడలేక నేల చూశాడు.

ఆ తర్వాత నేవియోని పిలిచారు. జడ్జి సూటిగా అడిగింది. "మలుపు తిరిగాక మీ వేగం ఎంత?"

అక్కడ హద్దు యాభై. యాభై అని చెప్పమని తోస్కా చెప్పింది, క్లబ్బు అంతా చెప్పింది, అద్దం ముందు నిలబడి తనకి తానే చెప్పుకున్నాడు. వాళ్లు మనల్ని జంతువులని రాసేటప్పుడు మనం మాత్రం ఎందుకు నిజం చెప్పాలి? ఈ ఉదయం దాకా ఆ లెక్క అతనికి సరిగ్గానే కనిపించింది. కానీ తెలియక అడిగాను అని ఇప్పుడే అన్న మనిషి ఎదురుగా కూర్చుంది. తెర మీది నీలం హెల్మెట్ ఇంకా కళ్లలోంచి పోలేదు. ఆ పిల్ల పేరు మీద అబద్ధం చెప్పడానికి అతనికి నోరు రాలేదు.

"అరవై అయిదు," అన్నాడు.

తోస్కా కళ్లు మూసుకుంది. "మునిగాం," అని వెనక బెంచీలో గ్వాల్తియేరో గొణిగిన మాట హాలంతా వినిపించింది. ప్రాసిక్యూటర్ ఇంక అడగడానికేమీ లేదని కూర్చున్నాడు.

ఇలేనియాని పిలిచారు. కర్ర ఆనించుకుంటూ వచ్చి, కూర్చుని, కాలు ముందుకి చాచుకుంది. నిజమే చెబుతానని ప్రమాణం చదివింది.

"మీరు వెనక కూర్చున్నారు. వేగం ఎంతో తెలుసా?" అంది జడ్జి.

"తెలుసు మేడమ్. నాన్న భుజం మీంచి మీటరు కనబడుతుంది. యాభై," అంది ఇలేనియా. రెప్ప వేయలేదు.

నేవియో ముందుకి వంగాడు. ఈ పిల్ల తన కోసం కోర్టులో దొంగసాక్ష్యం చెబుతోంది. కేకేసి ఆపాలనిపించింది. ఇందాకటి కేక గుర్తొచ్చి పళ్లు బిగించాడు.

"సరిగ్గా గుర్తు తెచ్చుకోండి. మీ నాన్నగారు ఇప్పుడే అరవై అయిదు అన్నారు," అంది జడ్జి.

ఇలేనియా తిరిగి తండ్రి వైపు చూసింది. ఆ చూపులో కోపముందో ఇంకేముందో అతనికి తెలియలేదు.

"అలాగైతే అరవై అయిదే, మేడమ్."

"మరి ముందు అలా ఎందుకు చెప్పారు?"

"ఆయనకి వ్యతిరేకంగా చెప్పడానికి ఊరంతా ఉంది కదా. ఇంకొకరు తగ్గితే ఏమైందిలే అనుకున్నాను."

సాక్షి మాట మార్చుకున్నారని రాయమంది జడ్జి. ఆఖరున ప్రాసిక్యూషన్ నిపుణుడు ఇంజనీర్ వాన్యి వచ్చాడు. ఇతనే రెండేళ్ల కిందట రోడ్డు కొలిచిన మనిషి. బండి జారిన గీతల్ని బట్టి వేగం అరవైకీ డెబ్బైకీ మధ్య అని నలభై పేజీలు రాశాడు.

"కారు అడ్డం వచ్చినప్పుడు వీళ్లు ఎంత దూరంలో ఉన్నారు?" అంది జడ్జి.

"ఇరవై మీటర్లు."

"యాభై వేగంతో వస్తుంటే ఆగేవాడా?"

ఇంజనీరు కాగితాలు తిరగేశాడు. ముందుకి, వెనక్కి. "ఆ ప్రశ్న నన్నెవరూ అడగలేదండీ."

"రెండేళ్లలోనా?"

"ఎంత వేగంలో వచ్చాడో చెప్పమన్నారు. అది చెప్పాను."

"ఇప్పుడు నేను అడుగుతున్నాను."

ఇంజనీరు లెక్క వేశాడు, కొట్టేశాడు, మళ్లీ వేశాడు. "యాభై వేగంతో వస్తే ఆగడానికి ఇరవై ఎనిమిది మీటర్లు కావాలి. ఆగలేడు. కారైనా ఆగదు."

గంట తర్వాత తీర్పు వచ్చింది. హద్దు మీరిన వేగానికి జరిమానా వేరే కాగితం మీద వస్తుందట. ఢీకొనడం మాత్రం అతని వల్ల తప్పేది కాదు కాబట్టి ఇలేనియా గాయానికి అతను బాధ్యుడు కాదు, నిర్దోషి. నేవియో ఆ మాట విన్నాడు. రెండేళ్లుగా ఎదురుచూసిన మాట. బల్ల పట్టుకున్నాడు.

కోర్టు ఎదుటి బార్‌లో గ్వాల్తియేరో కనబడ్డవాడికల్లా వైన్ పోయిస్తున్నాడు. "ఇక నుంచి ప్రతి జడ్జికీ ఒక బండి కొనివ్వాలి!" అని అరుస్తున్నాడు. తోస్కా కూడా ఒక గ్లాసు పుచ్చుకుంది. నేవియో గ్లాసు ముట్టలేదు. కౌంటర్ చివర ఇంజనీర్ వాన్యి ఒక్కడే నిలబడి కాఫీ కలుపుకుంటున్నాడు. నేవియో వెళ్లి పక్కన నిలబడ్డాడు.

"యాభై వేగంతో వచ్చినా గుద్దేవాణ్ణే అన్నారు."

"అవును. అందులో అనుమానం లేదు."

"ఎంత గట్టిగా?"

ఇంజనీరు చెంచా ఆపాడు. "అది కోర్టు అడగలేదు."

"నేను అడుగుతున్నాను. అరవై అయిదుకి బదులు యాభై వేగంతో వచ్చుంటే, కారుకి తగిలే టైముకి ఎంత వేగం మిగిలేది? మా అమ్మాయి కాలు ఇలాగే విరిగేదా?"

వాన్యి మంచివాడే కానీ అంకెల మనిషి. ఎవరైనా లెక్క అడిగితే కాదనలేడు. పేపరు నాప్‌కిన్ ఒకటి లాగి పెన్ను తీశాడు. ఇరవై అని రాశాడు. దాని కింద ఇంకో అంకె మొదలుపెట్టాడు.

ఒక చెయ్యి వచ్చి నాప్‌కిన్ మీద పడింది. ఇలేనియా ఎప్పుడు వచ్చిందో ఇద్దరూ చూడలేదు. కర్ర చంకలో ఇరికించుకుని, ఒంటి కాలి మీద బరువేసి నిలబడింది.

"వద్దు ఇంజనీరు గారూ."

"నాకు తెలియాలమ్మా," అన్నాడు నేవియో. "వాళ్లు వదిలేశారు. నేను వదల్లేను. చెప్పనీ."

"ఆ లెక్క నేను ఎప్పుడో వేసుకున్నాను నాన్నా. ఆసుపత్రిలో, రెండో వారంలో. ఫోన్లో చూసి వేశాను. మూడుసార్లు వేశాను."

"ఎంతొచ్చింది?"

ఇలేనియా నాప్‌కిన్ నలిపి గుప్పిట్లో పెట్టుకుంది.

"నీకు చెప్పను," అంది.